ఎదుటివాడి నీళ్ళు

ఫిబ్రవరి 20, ఆదివారం

ఖియత్ బరువు 60.1. పరుగు పది కిలోమీటర్లు. కుడి మోకాలికి నూనె.

ఈ పుస్తకం ముందు నుంచి తెరిస్తే బరువులు, పరుగులు. సియా హెంగ్ ఎప్పుడడిగితే అప్పుడు చూపించాలి. ధాన్యం మిల్లు ఆయనది, కాళ్ళతో కూడా తన్నే ఈ థాయ్ బాక్సింగు క్యాంపు ఆయనది, మేముంటున్న రేకుల ఇల్లూ ఆయనదే. వెనక నుంచి తెరిస్తే నావి. ఇటువైపు ఎవరూ చూడరు. చాన్‌పెన్‌కి చదవడం వచ్చుగానీ, "నువ్వు నోటితో చెప్పేవే వినలేక చస్తున్నా, రాసినవి కూడానా?" అంటుంది. ముప్ఫయ్యేళ్ళ కాపురం. ఆ మాత్రం అనే హక్కు ఉంది. బరువు ఇక్కడ కూడా రాసేశాను, అలవాటు.

ఇవాళ అన్నాల దగ్గర ఖియత్ ఎడమ పక్కనున్న అన్నం బుట్ట కోసం చెయ్యి చాపి, తిన్నగా మిరపకారం గిన్నెలో పెట్టాడు.

"తలకాయంత బుట్ట కనపడలేదా? ఎవర్రా ఆ పిల్ల?" అంది చాన్‌పెన్.

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వానుగానీ ఆ చెయ్యి తడుముకున్న తీరు నాకు నచ్చలేదు. సాయంత్రం నూనె రాస్తూ వాడి ఎడమ కంటి పక్కగా రెండు వేళ్ళు పట్టాను.

"ఎన్నిరా?"

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావు మామా?"

"ఎన్ని?"

"మూడు."

వేళ్ళు దించాను. తర్వాత వాడే అన్నాడు, "అత్తకి చెప్పకు. సియాకి అసలే చెప్పకు. ఈ ఒక్క పోటీ. గెలిస్తే బ్యాంకాక్. అక్కడ మంచి డాక్టర్లుంటారు కదా, చూపించుకుంటా. అమ్మ మీద ఒట్టెయ్యి."

వేశాను. లమై నా చెల్లెలు. పోతూ పోతూ ఆరేళ్ళవాణ్ణి నా చేతిలో పెట్టింది. వాడికిప్పుడు ఇరవయ్యొకటి. దాని పేరు చెప్పి వాడు అడిగితే నేను కాదనలేనని వాడికి తెలుసు, దొంగ వెధవ.

ఫిబ్రవరి 23

బరువు 59.7. రెండు వేళ్ళు. మూడన్నాడు.

మార్చి 2, బుధవారం

బరువు 59.2.

సియా మిల్లుకి రమ్మన్నాడు. గాజు గ్లాసులో చిక్కటి కాఫీ తెప్పించాడు. ఆయన నాకు కాఫీ తెప్పించడం పదేళ్ళలో ఇది రెండోసారి. మొదటిసారి నా జీతం తగ్గించాడు.

"థవిన్, నువ్వు ఆ చువాంగ్ ముసలాయన దగ్గర ఎన్నేళ్ళున్నావు?"

"తొమ్మిదేళ్ళండి."

"ఇప్పటికీ మాటలున్నాయా?"

"కనపడితే దండం పెడతాను. అంతే."

"మనవాడు ఆయన మనిషి చేతిలో రెండుసార్లు ఓడాడు. మూడోసారి కూడా ఓడితే వాణ్ణి ఎవడు పిలుస్తాడు? నా మిల్లులో బస్తాలు మోసుకోవాలి. నువ్వే చెప్పు, ఆ తోన్ గాడి కుడికాలు ఎక్కడ పడుతుంది?"

ఎడమ కంటి మీద పడుతుంది. నేను చెప్పలేదు. సియాకి కంటి సంగతి తెలీదు, ఊరికే అడిగాడు.

అప్పుడు డ్రాయరులోంచి చిన్న కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇందులో చచ్చేదేం లేదు. కాళ్ళు బరువెక్కుతాయి. రెండో రౌండు నుంచి నిద్రమొహం వేసుకుని తిరుగుతాడు, అంతే. ఆయన నీళ్ళ బకెట్ దగ్గరికి మనవాళ్ళలో ఇంకెవడైనా వెళ్తే తంతారు. నువ్వు వెళ్తే పలకరిస్తారు."

"అలాంటి పనులు నేను చెయ్యనండి" అన్నాను.

చెయ్యనన్నాను. ఈ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే నిజంగానే అన్నాను. కాకపోతే లేచి రాలేదు. కాఫీ మొత్తం తాగాను.

మార్చి 3

బరువు 59.2. తగ్గలేదు. రేపటి నుంచి అన్నం సగం.

పొట్లం నా దగ్గరే ఉంది. దగ్గరుంటే వేసినట్టా?

మార్చి 11, శుక్రవారం

బరువు 58.5.

సంతలో చువాంగ్ గురువుగారు కనపడ్డారు. డెబ్బై నాలుగేళ్ళు. వేపకొమ్మలా ఎండిపోయారు గానీ నడక అదే. బొప్పాయి బేరం చేస్తున్నారు. తప్పుకుందామనుకున్నా, చూసేశారు.

"ఏరా థవిన్, చిక్కిపోయావు. మీ ఆవిడ వండటం మానేసిందా?"

"లేదండి. వయసు."

"నా ముందు వయసంటావా? సిగ్గులేనోడా." బొప్పాయి నా చేతిలో పెట్టారు. "పోయిన రెండు పోటీలకీ నా మూలకి రాలేదు నువ్వు. ఎదుటి క్యాంపు అయితే మాత్రం? ఈసారి ముందుగా వచ్చి ముఖం చూపించి వెళ్ళు."

వస్తానన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేశారు. నా తల నెరిసిపోయిందని ఆయనకి పట్టలేదు.

ఇరవై రెండేళ్ళ కిందట ఇదే మనిషి నా పోటీ ఆపమని రింగులోకి తువ్వాలు విసిరాడు. నాలుగో రౌండు. నేనింకా నిలబడే ఉన్నాను. చెవిలోంచి రక్తం వస్తే వచ్చింది, నిలబడే ఉన్నాను. ఇంకొక్క రౌండు ఆగితే గెలిచేవాణ్ణి, బ్యాంకాక్ వెళ్ళేవాణ్ణి. పోటీ ఆపించి, అందరి ముందూ నన్ను చంటిపిల్లాడిలా ఎత్తుకుని కిందికి దించాడు. ఆ రాత్రే బట్టలు సర్దుకుని సియా తండ్రి దగ్గరికి వచ్చేశాను.

ఖియత్ పోటీ ఆపించే పని నేను చెయ్యను. ఆ అవమానం నాకు తెలుసు. తోన్ కాళ్ళు బరువెక్కితే ఆ కుడికాలు పైకి లేవదు. లేవకపోతే కంటికి ఏమీ కాదు. ఇందులో తోన్‌కి మాత్రం పోయేదేముంది? ఒకరోజు నిద్ర.

మార్చి 17, గురువారం

బరువు 58.0.

నూనె సీసాల డబ్బాలో పొట్లం చాన్‌పెన్ కంటబడింది.

"ఇదేంటి, పళ్ళపొడా?"

"ముట్టుకోకు. మందు."

"ఎవరికి?"

"మిల్లు కుక్కకి. నులిపురుగులు."

"కుక్క మీదున్న శ్రద్ధ నా మోకాళ్ళ మీద లేదు" అని డబ్బా మూతపెట్టింది.

బాగానే తప్పించుకున్నాను.

మార్చి 26, శనివారం

బరువు 57.3. ఉదయానికి మూడు వందల గ్రాములు తగ్గాలి. దుప్పటి కప్పుకుని ఎండలో పరిగెత్తాడు. నీళ్ళు పుక్కిలించి ఉమ్మేస్తున్నాడు. పెదాలు బీటలు వారాయి.

వాళ్ళమ్మ లుంగీ అంచు చింపి పదిహేనేళ్ళ కిందట నేను చేసిన దండకట్టు ఉతికి ఆరేశాను. రేపు అది వాడి జబ్బకి నేనే కడతాను.

వేయకపోవచ్చు కూడా. రేపు చూద్దాం.

మార్చి 27, ఆదివారం, జిల్లా ఆసుపత్రి వరండా

గెలిచాడు. పాయింట్ల మీద గెలిచాడు.

నేను అరిచాను. రింగు పక్కన వాయించే సన్నాయి, డప్పుల హోరులో ఎవరికీ వినపడలేదు.

మార్చి 28

గొంతులో గొట్టం వేశారు. ఊపిరి మిషను తీస్తోంది. బరువు తెలీదు.

ఏం జరిగిందో వరసగా రాస్తాను. రాస్తే తల తిరగడం ఆగుతుందేమో.

పోటీకి గంట ముందు ఎదుటివాళ్ళ గదికి, నీలం మూల వాళ్ళ గదికి వెళ్ళాను. తోన్ బల్ల మీద పడుకుని ఉన్నాడు, నన్ను చూసి లేచి దండం పెట్టాడు. పిల్లాడు మంచివాడే. గురువుగారు నన్ను చూసి ఎంత సంతోషించారో చెప్పలేను. "ఈ బకెట్ కాస్త చూస్తుండు, మంచుగడ్డ తెస్తా. ఈ వెధవలకి చెబితే ఐస్‌క్రీం తిని వస్తారు" అని ఆయనే వెళ్ళారు. తోన్ గోడవైపు తిరిగాడు. బకెట్‌లో నాలుగు సీసాలు. మూడు మామూలువి. ఒకదాని మెడకి తెల్లటి దారం కట్టి ఉంది, భిక్షువు మంత్రించిన దారం. మా క్యాంపులో మంత్రించిన నీళ్ళు మా వాడికే పోస్తాం, మొదటి గుక్క. తోన్‌వి ఇవే అనుకున్నాను. దారం పైకి జరిపి, మూత తీసి, పొట్లం ఒంపి, మూత పెట్టి, దారం మళ్ళీ కిందికి దించాను. ఖాళీ కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఊపిరి నాలుగుసార్లు తీసుకునేంత సేపు పట్టింది. గురువుగారు మంచు తెచ్చి నా మెడ మీద ఒక ముక్క పెట్టి నవ్వారు.

మొదటి రౌండు. రెండో రౌండు. తోన్ కాళ్ళు బరువెక్కలేదు. రౌండుకీ రౌండుకీ మధ్య నేను ఖియత్‌కి నూనె రాస్తూ అటు చూస్తున్నాను. గురువుగారు మామూలు సీసాలే ఎత్తుతున్నారు. దారం కట్టింది అలాగే ఉంది. కుడికాలు రెండుసార్లు లేచింది, ఒకటి తగిలింది. ఖియత్ తూలాడు.

మూడో రౌండులో వాడొక పని చేశాడు. కుడి పాదం ముందుకి వేసి, ఎడంచేతివాటం మనిషిలా నిలబడ్డాడు. బాగున్న కన్ను ముందుకొచ్చింది. నేను నేర్పలేదు. ఎవరూ నేర్పలేదు. రోజూ పొద్దున్నే పది కిలోమీటర్లని నేను రాసుకున్న పరుగులో వాడు ఎక్కడో చెరుకుతోట వెనక ఒంటరిగా ఇదే సాధన చేశాడన్నమాట. తోన్ తన్నిన ప్రతి తాపూ వాడికిప్పుడు కనపడుతోంది. నాలుగో రౌండులో మోకాళ్ళతో పొడిచాడు. ఐదో రౌండులో తోన్ తల వంచేశాడు. జనం లేచి నిలబడ్డారు. చేతులు పైకెత్తి ఏడ్చాను. వాడే గెలిచాడు. ఒంటి కంటితో, ఎవరి సాయమూ లేకుండా.

చెయ్యెత్తి ప్రకటించగానే వాడు అందరిలాగే ఎదుటి మూలకి పరిగెత్తాడు, ఓడించినవాడి గురువుకి మోకరిల్లి దండం పెట్టడానికి. గురువుగారు వాడి తల నిమిరారు. వంగి బకెట్‌లో చెయ్యి పెట్టారు. దారం కట్టిన సీసా తీశారు. దారం విప్పారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ క్యాంపులో ఆ సీసా ఎప్పుడూ ఎదుటివాడిది. "మనవాణ్ణి మనం ఎలాగూ చూసుకుంటాం. మనవాణ్ణి కొట్టి కూడా మన ముందుకొచ్చి మోకరిల్లేవాడు అతిథి. మంచి నీళ్ళు వాడివి" అనేవారు. ఆ దారం తొమ్మిదేళ్ళు నేనే కట్టాను.

ఎలా మరిచిపోయాను? ఇరవై రెండేళ్ళయింది. మరిచిపోయాను.

మొన్నటి నుంచి గొంతు తడవడానికి మించి నీళ్ళు తాగనివాడు. గటగటా సగం సీసా తాగేశాడు. బట్టల గదిలో పడిపోయాడు.

మార్చి 29, మంగళవారం

ఇంకా మిషనే.

డాక్టరమ్మ వచ్చి, "ఏం మందో తెలిస్తే విరుగుడు తెలుస్తుంది. మీలో ఎవరికైనా తెలుసా?" అని అందరి మొహాల్లోకీ చూసింది. సియాకి ఫోన్ చేసి అడిగాను. "ఏ మందు?" అన్నాడు. "నువ్వేదో ఎండదెబ్బ తిని మాట్లాడుతున్నావు, ఇంటికెళ్ళి పడుకో" అన్నాడు.

జేబులో కాగితం ఉంది. అడుగున కాస్త పొడి అంటుకుని ఉంది. తీసుకెళ్ళి ఇచ్చాను.

"ఎక్కడిది?"

"దొరికింది."

"ఎక్కడ?"

"నీలం మూల దగ్గర."

ఆ కాగితంతోనే మందేదో తేల్చారు. మధ్యాహ్నానికి విరుగుడు ఎక్కించారు. కాబట్టి నేను ఇచ్చి మంచి పనే చేశాను.

మార్చి 31, గురువారం

గురువుగారిని పోలీసులు తీసుకెళ్ళారు. సీసా ఆయనది, ఇచ్చిన చెయ్యి ఆయనది, టీవీలో దేశమంతా చూసింది. పొట్లం ఆయన మూల దగ్గరే దొరికింది. ఆయన స్టేషన్లో ఒకటే మాట చెబుతున్నారట: "నీళ్ళిచ్చింది నేనే."

ఏప్రిల్ 1

సంతలో కోళ్ళమ్మే ఆవిడ: "ఓడిపోతే ఇద్దామని ముందే కలిపి పెట్టుకున్నాడంట ముసలాడు. నిప్పు లేనిదే పొగ వస్తుందా?" పక్కావిడ ఉమ్మేసింది. ఎవరో ఆయన క్యాంపు గేటు మీద బురద కొట్టారు. తోన్ ఒక్కడే కూర్చుని కడుగుతున్నాడు. నేను సైకిలు దిగకుండా వచ్చేశాను.

తెలిసుంటే ఇచ్చేవారా? ఈ ఊళ్ళో ఒక్కడికీ ఆ మాత్రం ఆలోచన లేదు. తెలిసీ చూస్తూ ఊరుకున్నవాడు ఒక్కడే ఉన్నాడు, వాణ్ణి ఎవరూ అడగట్లేదు.

ఏప్రిల్ 2

ఆయన చేశారని నేను ఎక్కడా అనలేదు. కాగితం దొరికిన చోటు చెప్పాను, అంతే.

ఏప్రిల్ 3

దొరకలేదు. నా జేబులో ఉంది.

ఏప్రిల్ 5, మంగళవారం

గొట్టం తీసేశారు! కళ్ళు తెరిచాడు. బరువు 51.4. చాన్‌పెన్ గంజి పట్టింది, నాలుగు చెంచాలు తాగాడు.

కంటి సంగతి కూడా బయటపడింది. లోపలి పొర చిరిగిందట, పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేస్తే చూపు కొంత నిలుస్తుందట. ఇంక ఎప్పుడూ రింగు ఎక్కకూడదు. డాక్టరమ్మ ఆ మాట చెబుతుంటే వాడు కప్పు వైపే చూస్తున్నాడు. చాన్‌పెన్ వెళ్ళాక గొంతు పెగుల్చుకుని అడిగాడు, "చువాంగ్ తాతని పట్టుకెళ్ళారటగా?"

"ఊఁ."

"ఆయన చెయ్యలేదు మామా. నా తల ఇలా పట్టుకుని, 'నెమ్మదిగా తాగరా, కడుపులో పట్టేస్తుంది' అన్నాడు. చంపేవాడు అలా అంటాడా?"

నేను దుప్పటి సర్దుతున్నాను.

"నువ్వెళ్ళి చెప్పు. ఆ దారం సీసా ఎదుటివాడికే ఎందుకుంచుతారో చెప్పు. నా చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పావు? అమ్మ పోయిన కొత్తలో నిద్ర పట్టకపోతే అదే కథ చెప్పి పడుకోబెట్టేవాడివి. మంచి నీళ్ళు ఎదుటివాడివి అని. నేను తాత దగ్గరికి పరిగెత్తిందే అందుకు. ఆ సీసా గుక్కెడు తాగాలని చిన్నప్పటి నుంచి ఉంది నాకు. పోయిన రెండుసార్లూ ఓడాను కదా, సిగ్గేసి దండం పెట్టి పారిపోయా."

చెప్పేవాడినా?

చెప్పేవాణ్ణి.

ఏప్రిల్ 6, బుధవారం

ఈ పుస్తకంలో ఒక అబద్ధం ఉంది. పోటీ రోజు వాణ్ణి ఆపడానికి అరిచినట్టు రాశాను. సన్నాయి, డప్పుల హోరులో వినపడలేదని రాశాను. ఐదో రౌండు ముగిసి గంట కొట్టగానే వాయిద్యం ఆగిపోతుంది. ముప్ఫయ్యేళ్ళకి పైగా రింగు పక్కనే బతికినవాణ్ణి, నాకు తెలీదా? ఆయన దారం విప్పుతున్నప్పటికి జనం కేకలు కూడా సద్దుమణిగాయి. గొంతు తగ్గించి పిలిచినా ఖియత్ వెనక్కి తిరిగేవాడు. పిలిస్తే ఎందుకని అడుగుతారు. నేను పిలవలేదు. ఎవరూ చూడని పుస్తకంలో కూడా అబద్ధమాడాను. సీసా సంగతి మరిచిపోయాను అన్నది కూడా నిజమో కాదో నాకే తెలీదు. పిల్లాడికి రోజూ చెప్పిన కథ ఎవరైనా మరిచిపోతారా? ఆ పూట గుర్తుకు రావడం నాకిష్టం లేదేమో.

పొద్దున్న చాన్‌పెన్‌కి చెప్పాను. మిరపకాయలు దంచుతోంది. రోకలి ఆగింది.

"కుక్క మందా?" అంది.

తలూపాను. రోకలితో కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. లోపలికెళ్ళి నా తెల్లచొక్కా తెచ్చి, గుండీ ఒకటి ఊడిపోతే కూర్చుని కుట్టింది. దారం పళ్ళతో తెంపి, చొక్కా నా ఒళ్ళో పడేసింది. "ముందు పిల్లాడికి చెప్పు. పోలీసులకి తర్వాత. వాడు వేరేవాళ్ళ నోటి నుంచి విన్నాడో, నిన్ను నేను బతకనివ్వను."

ఆసుపత్రికి వెళ్ళి చెప్పాను. తేలు కుట్టిన దొంగలా పది రోజులు నోరు మూసుకున్నవాణ్ణి, మొదలుపెట్టాక ఆపలేకపోయాను. సియా, కాఫీ, పొట్లం, దారం, అరవకపోవడం, జేబులో కాగితం, అన్నీ. నీ కన్ను పోతుందని భయపడ్డానురా అని కూడా చెప్పాను. అది నిజం. ఎన్ని అబద్ధాలున్నా అది నిజం.

తిడతాడేమోనని చూశాను. ఒకటే అడిగాడు.

"నేను గెలవలేననుకున్నావా మామా?"

గోడవైపు తిరిగిపోయాడు. పదిహేనేళ్ళు నా చేతుల కింద నలిగిన వీపు. చెయ్యి వేద్దామనుకుని వేయలేదు.

ఇప్పుడు స్టేషన్‌కి వెళ్తున్నాను. ఈ పుస్తకం కూడా పట్టుకెళ్తున్నాను. ముందు నుంచి తెరవనివ్వను, వెనక నుంచే తెరవమంటాను.

ఏప్రిల్ 9, శనివారం

ఇవి వేరే కాగితాలు. పుస్తకం వాళ్ళ దగ్గర ఉండిపోయింది. కానిస్టేబుల్ ప్రయూన్ ఇచ్చాడు. ఒకప్పుడు నా పోటీలు చూసేవాడట. "మీ ఎడమ మోచెయ్యి దెబ్బంటే మా నాన్న పడిచచ్చేవాడు బాబాయ్. ఎలాంటివాళ్ళు ఎలా అయిపోయారు!" అన్నాడు.

గురువుగారిని నేను వచ్చిన రోజే వదిలేశారు. ఎదురుపడలేదు. ఆయన ముందు తలుపు నుంచి వెళ్ళారు, నన్ను పక్క తలుపు నుంచి తెచ్చారు. సియా వకీలు వచ్చి, నాకు మతి చలించిందని కాగితం రాసిచ్చాడట. ఇన్‌స్పెక్టరు నా మీద రాసిన దాంట్లో "కుట్ర" అని ఉంది. కుట్రంటే పెద్దవాళ్ళు చేసేదనుకున్నాను. కాఫీ తాగుతూ కూడా చెయ్యొచ్చని తెలీదు.

ఖియత్ బరువు ఎంతో.

ఏప్రిల్ 11

చాన్‌పెన్ వచ్చింది. అన్నం, కాల్చిన చేప. పిల్లాడు ఇంటికొచ్చాడంది. ఇంకేమైనా అన్నాడా అని అడిగాను. "తిను" అంది.

ఏప్రిల్ 13, బుధవారం

సంక్రాన్. ఏడాది మొదటి రోజు. బయట ట్రక్కుల మీద పిల్లలు నీళ్ళు చల్లుకుంటూ అరుస్తున్నారు. కిటికీలోంచి రెండుసార్లు లోపలికీ పడ్డాయి. ఇవాళ ఊళ్ళో అందరూ పెద్దవాళ్ళ చేతుల మీద నీళ్ళు పోసి, ఏడాది తప్పులన్నీ క్షమించమని అడుగుతారు. సియా దగ్గరికి వచ్చేశాక నేను గురువుగారి చేతుల మీద ఒక్కసారీ పోయలేదు.

మధ్యాహ్నం ఆయనే వచ్చారు.

చొక్కా తడిసిపోయి ఉంది, దారిలో పిల్లలు వదిలినట్టు లేదు. చేతిలో నీళ్ళ సీసా. ప్రయూన్ అడ్డం వచ్చాడు. "తాతా, ఏమనుకోకండి. నీళ్ళ కేసు కదా. ముందు మీరు ఒక గుక్క తాగాలి."

"మంచి పద్ధతి" అన్నారు గురువుగారు. "ముందే పెట్టుంటే బాగుండేది." సీసా మెడ నుంచి దారం సగం విప్పి, పైకి లాగి తీసి గుప్పిట్లో పట్టుకుని, ఒక గుక్క తాగారు. మూత పెట్టి, దారం ఊచల్లోంచి నా చేతిలో పెట్టారు. సీసా కూడా ఇచ్చారు.

నేల మీద పడి దండం పెట్టాను. "అప్పుడు తువ్వాలు విసిరినందుకు..." అని ఏదో మొదలుపెట్టాను. ఎందుకు అదే వచ్చిందో నాకు తెలీదు.

"నీ చెవి వినపడుతోందా?" అన్నారు.

"వినపడుతోందండి."

"అందుకే విసిరాను. తాగు."

తాగబోతూ చేతిలో దారం చూశాను. సగం విప్పిన ముడి ఇంకా అలాగే ఉంది. రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపిన ముడి. గురువుగారు అలా కట్టరు. పోటీకి చేతి పట్టీలు కట్టేటప్పుడు నేను వేసే ముడి అది. ఈ భూమ్మీద ఇంకొక్కడికే నేర్పాను, ఏడేళ్ళవాడు, మెట్ల మీద కూర్చుని నాలుక బయటపెట్టి నేర్చుకున్నాడు.

"వాడు కట్టాడా?"

"వాడే. నీళ్ళు పట్టింది కూడా వాడే. బయట నా మోటారుసైకిల్ మీద కూర్చున్నాడు, కంటికి కట్టుతో. లోపలికి రమ్మన్నాను, రానన్నాడు." ఆయన ఊచలు పట్టుకుని కాసేపు నిలబడ్డారు. "రానంటే ఊరుకో. తొందరేం లేదు."

ఆ సీసా ఎవరికి కడతామో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. మనవాడికి కట్టం. మనవాణ్ణి కొట్టినవాడికి కడతాం.

పదిహేనేళ్ళు వాడి మూలలో నిలబడ్డాను. ఇవాళ వాడు నన్ను ఎదుటి మూలలో నిలబెట్టి, మంచి నీళ్ళు పంపించాడు. చుక్క కింద పడకుండా మొత్తం తాగాను. చల్లగా ఉన్నాయి, మంచు వేసి తెచ్చినట్టున్నారు. దారం చేతికి కట్టుకున్నాను. అదే ముడి వేశాను.